వెలుగుతో మెదడులో దారాలు వెతకడం: శ్రీకాకుళంలో కూర్చుని మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

ఒక దారం కొస పట్టుకుని, దాని రెండో కొస ఎక్కడ తేలుతుందో చూడాలి. మధ్యలో అలాంటి దారాలే వేలల్లో దాన్ని ఒరుసుకుంటూ పోతుంటాయి. మెదడులో ఏ కణం ఏ కణంతో మాట్లాడుతోందో పటం గీయడమంటే స్థూలంగా ఇదే. చాలాకాలం ఈ పనికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు అనుకున్నారు. 2025లో ఆస్ట్రియాలోని ఇస్టా అనే పరిశోధన సంస్థవాళ్లు గూగుల్ వాళ్లతో కలిసి, వెలుగుతో పనిచేసే మైక్రోస్కోపుతోనే ఎలుక మెదడు ముక్కలో కనెక్షన్లు గీసి చూపించారు. ఆ పద్ధతి పేరు లైకాన్.

నేను శ్రీకాకుళం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా ల్యాబులో మైక్రోస్కోపులు ఏడు, పనిచేసేవి ఐదు. కాబట్టి ఈ మార్గదర్శిలో కొన్ని మెట్లు మీరు ఇంట్లోనే ఎక్కగలిగేవి, కొన్ని పెద్ద ల్యాబుకి వెళ్తే తప్ప కుదరనివి. ఏది ఏదో అక్కడికక్కడే చెబుతాను.

మొదటి మెట్టు: కొలతలు ఒంటబట్టించుకోవడం

దీన్ని దాటేసి ముందుకెళ్లినవాళ్లు మళ్లీ వెనక్కి రావడమే నేను చూశాను. తల వెంట్రుక మందం సుమారు 80 మైక్రోమీటర్లు, అంటే 80,000 నానోమీటర్లు. న్యూరాన్ నుంచి సందేశం మోసుకెళ్లే ఆక్సాన్ (పదో తరగతిలో తంత్రికాక్షం అని చదివింది ఇదే) సన్నగా ఉన్న చోట 100 నానోమీటర్లు, ఒక్కోచోట అంతకంటే తక్కువే. వెంట్రుక అడ్డుకొలతలో అలాంటివి 800 పక్కపక్కన పడతాయి. రెండు కణాలు కలిసే చోట, అంటే సినాప్స్ దగ్గర, మధ్యనుండే ఖాళీ 20 నానోమీటర్లే.

ఇక వెలుగు సంగతి. ఎంత మంచి కటకం పెట్టినా, వెలుగు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చగా కనిపిస్తాయని ఎర్నెస్ట్ అబ్బే 1873లో తేల్చాడు. లెక్కకు 200 నుంచి 250 నానోమీటర్లు అనుకోండి. అది కూడా పక్కకు చూసినప్పుడు. లోతు దిశలో ఇంకా అన్యాయం, 500 దాటిపోతుంది. అంటే మన దారాలు, వెలుగుకున్న చూపు కంటే సన్నం.

విచిత్రమేమిటంటే అదే 1873లో ఇటలీలో కామిల్లో గాల్జీ వెండి లవణంతో న్యూరాన్లకు నల్లరంగు పట్టించాడు. ఆ రంగు ఎందుకో కొద్ది కణాలకే పట్టేది, పట్టినదానికి మాత్రం కొసదాకా పట్టేది. అదే వరమైంది. ఆ రంగునే వాడి కహాల్ అనే శాస్త్రవేత్త స్పెయిన్‌లో కూర్చుని, న్యూరాన్లు విడివిడి కణాలని వాదించాడు. గాల్జీ మాత్రం అంతా అతుక్కున్న ఒకే వల అన్నాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కలిసి బహుమతి అందుకున్నారు కానీ మాట కలవలేదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి ఈ చూపు సమస్య లేదు. 302 న్యూరాన్లున్న చిన్న పురుగు సీ. ఎలిగాన్స్ పటం 1986లో దానితోనే వచ్చింది. 2024 అక్టోబరులో పండ్ల ఈగ మెదడు మొత్తం, 1,39,255 న్యూరాన్లు, అలాగే వచ్చింది. కానీ ఆ బొమ్మంతా బూడిదరంగే. ఏ సినాప్స్‌లో ఏ ప్రోటీన్ ఉందో అది సూటిగా చెప్పదు. వెలుగు చెబుతుంది, ఎందుకంటే వెలుగుకి రంగులున్నాయి. మనం వెలుగు వైపు రావడానికి కారణం అది. చౌక అన్నది రెండో కారణమే.

రెండో మెట్టు: మీ ప్రశ్న ఏ మట్టానిది?

మెదడులో ఈ ప్రాంతం నుంచి ఆ ప్రాంతానికి దారి ఉందా అన్నది ఒక ప్రశ్న. ఈ కణానికీ ఆ కణానికీ ముడి ఉందా అన్నది ఇంకొకటి. ముడి ఉంది సరే, అది పనిచేస్తోందా అన్నది మూడోది. మొదటిదానికి నాలుగో మెట్టులో చెప్పబోయే ఉబ్బించడాలు, నానోమీటర్లు అక్కర్లేదు. అమెరికాలోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ 2014లో ప్రకటించిన ఎలుక మెదడు పటం ఆ కోవదే. ఒక చోట మెరిసే ప్రోటీన్ తయారుచేయించే వైరస్ ఎక్కించి, ఆ మెరుపు ఎక్కడెక్కడికి పాకిందో రెండు ఫోటాన్ల మైక్రోస్కోపుతో చూశారు. ఆ బొమ్మలన్నీ ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. నా సలహా: వారం రోజులు వాటితోనే గడపండి. కన్ను తయారవుతుంది.

మూడో మెట్టు: ఎవరికి రంగు వేయాలి?

విజయనగరంలో సిరిమానోత్సవం రోజు కోట దగ్గర జనాన్ని డాబా మీదనుంచి చూశారా? అందరూ తెల్ల చొక్కాలే వేసుకుంటే మీ తమ్ముణ్ణి కంటితో వెంబడించలేరు. నూటికొకడు ఎర్ర తలపాగా చుట్టుకుంటే ఆ ఒక్కణ్ణీ మూడు లాంతర్ల కూడలి దాకా వదలకుండా చూడొచ్చు. గాల్జీ రంగు చేసింది ఇదే.

ఇప్పుడు వెండి లవణం బదులు జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ వాడతారు. దానికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. జన్యువుల్లో ఏర్పాటు చేసి కొద్ది కణాల్లోనే అది తయారయ్యేలా చేస్తారు. 2007లో హార్వర్డ్‌లో బ్రెయిన్‌బో అని ఇంకో అడుగు వేశారు. మూడు నాలుగు రంగుల ప్రోటీన్లు ఒక్కో కణంలో ఒక్కో పాళ్లలో కలిసేలా చేస్తే, దాదాపు 90 ఛాయలు విడదీసి చూడగలిగారు. అందరికీ తలపాగాలే, కానీ రంగులు వేరు.

మూడోది మన ఊళ్లకు బాగా తెలిసిన జబ్బు నుంచి పుట్టింది. పిచ్చికుక్క కరిస్తే రేబిస్ వైరస్ రక్తంలో కాదు, నరం పట్టుకుని సినాప్స్ దాటుకుంటూ వెనక్కి, మెదడు వైపు ఎక్కుతుంది. ఆ ఎదురీత గుణాన్నే 2007లో వాడుకున్నారు. వైరస్ నుంచి ఒక జన్యువు తీసేసి, ఆ లోటును మొదటి కణంలో మాత్రమే పూడ్చారు. దాంతో అది సరిగ్గా ఒక్క సినాప్స్ దాటి ఆగిపోతుంది. ఏ కణానికి ఎవరు సందేశం పంపుతున్నారో ఆ పంపేవాళ్లే మెరుస్తారు. ఇదంతా అనుమతులున్న ల్యాబుల్లో జరిగే పని. మనం చదివి తెలుసుకోవడం వరకే.

నాలుగో మెట్టు: చూపు పెంచొద్దు, వస్తువునే పెంచండి

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. 2015లో ఎమ్‌ఐటీలో ఎడ్వర్డ్ బాయిడెన్ బృందం అబ్బే గీసిన గీతతో కుస్తీ మానేసింది. మెదడు ముక్కనే జెల్‌లో పాతి, నీళ్లు పోసి, నాలుగున్నర రెట్లు ఉబ్బించింది. దగ్గరగా ఉన్న రెండు చుక్కలు దూరం జరిగాయి, మామూలు మైక్రోస్కోపుకి విడివిడిగా కనిపించాయి. ఆ జెల్‌లో అసలు సరుకు సోడియం యాక్రిలేట్. పిల్లల డైపర్లలో తడి పీల్చే పదార్థం కూడా ఆ కుటుంబానిదే.

ఇది ఇంట్లో చేసి చూడాలి. పూలకుండీల్లో, గాజు గిన్నెల్లో అలంకారానికి వేసే రంగురంగుల నీటి గోళీలు ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజకు కాస్త పెద్దగా ఉంటాయి. పది గోళీలు స్కేలు అంచున వరసగా పేర్చి మొత్తం పొడవు రాసుకోండి. తర్వాత మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో మెకానిక్ షాపులో అమ్మే బ్యాటరీ నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు, యాసిడ్ కాదు), రెండోదాంట్లో మీ బోరు నీళ్లు, మూడోదాంట్లో చెంచాడు ఉప్పు కలిపిన నీళ్లు. పదేసి గోళీలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మళ్లీ స్కేలు మీద పేర్చండి.

మొదటిసారి నేను కాలేజీ బోరు నీళ్లు పట్టాను. మాది సముద్రం దగ్గర, నీళ్లు ఉప్పన. గోళీలు సగం కూడా ఉబ్బలేదు. సరుకు నకిలీదనుకుని, కొన్న చోట ఆన్‌లైన్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చి కడుపుమంట తీర్చుకున్నాను. వారం తర్వాత బ్యాటరీ నీళ్లలో వేస్తే పది గోళీల వరస 25 మిల్లీమీటర్ల నుంచి 110కి పెరిగింది. ఆ రివ్యూ తీసేశాను.

కారణం ఇదీ. జెల్ పోగుల మీద రుణావేశాలుంటాయి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపుడుకే జెల్ విచ్చుకుని నీళ్లు లోపలికి లాక్కుంటుంది. నీళ్లలో ఉప్పుంటే సోడియం అయాన్లు మధ్యలో దూరి ఆ తోపుడుని చల్లారుస్తాయి. ల్యాబులో కూడా చివరి ఉబ్బింపు లవణాలు తీసేసిన నీటిలోనే చేస్తారు, అదీ నీళ్లు పదేపదే మార్చి. ఒక జాగ్రత్త: ఈ గోళీలు చిన్నపిల్లలు మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. ఇంట్లో పసివాళ్లుంటే ఈ ప్రయోగం కాలేజీలోనే చేయండి.

25 నుంచి 110 అంటే 4.4 రెట్లు. కానీ అది పొడవులో. ఘనపరిమాణంలో 4.4ను మూడుసార్లు గుణించాలి, 85 రెట్లు వస్తుంది. లైకాన్‌లో ఒక జెల్ లోపల ఇంకో జెల్ పోసి పొడవులో 16 రెట్లు దాకా తీసుకెళ్లారు. ఘనపరిమాణంలో 4,096 రెట్లు. 250 నానోమీటర్ల చూపుని 16తో భాగిస్తే 16కు కాస్త తక్కువ. కాగితం మీద లెక్క అది. నిజంగా వాళ్లకు చిక్కింది పక్కకు 20, లోతుకు 50 నానోమీటర్ల దరిదాపు. సన్నని ఆక్సాన్‌ని వదలకుండా పట్టుకోవడానికి అది చాలు.

అసలు ల్యాబులో వరస ఎలా ఉంటుందంటే: ఎలుక మెదడుని ముందు ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరుస్తారు. కంపించే బ్లేడుతో 50 మైక్రోమీటర్ల పలచని పొరలుగా కోస్తారు. తర్వాతది కీలకం: ప్రోటీన్లకు కొక్కేల్లాంటి అణువులు తగిలిస్తారు. వాటి రెండో కొస జెల్‌కి అతుక్కుంటుంది. కొక్కెం పట్టని ప్రోటీన్ ఉబ్బేటప్పుడు కొట్టుకుపోతుంది, అక్కడ దారం తెగినట్టు కనిపిస్తుంది. అప్పుడు యాక్రిలమైడ్, సోడియం యాక్రిలేట్ ద్రావణంలో చల్లగా నానబెడతారు. పొర లోపలిదాకా ఇంకకముందే గడ్డకడితే పైన ఒకలా, లోపల ఒకలా ఉబ్బుతుంది, అందుకే చల్లగా. ఇంకాక 37 డిగ్రీల్లో పెడితే జెల్ కడుతుంది. తర్వాత డిటర్జెంట్‌లో వేడిచేసి, లేదా ఎంజైమ్‌తో, కణజాలం బిగువు సడలిస్తారు. ఆ బిగువు మిగిలితే జెల్ ఉబ్బినచోట చీలికలు వస్తాయి.

రంగు ఎప్పుడు వేయాలన్నది కూడా ఆలోచించాలి. ముందే వేస్తే 4,096 రెట్ల జాగాలో అదే రంగు పలచబడిపోతుంది, చుక్క నీలం బావిలో వేసినట్టు. అందుకే ఉబ్బించాక అన్ని ప్రోటీన్లకూ పట్టే రంగు ఒకటి వేస్తారు. దాంతో కణాల ఆకారాలన్నీ తేలతాయి. పైన యాంటీబాడీలతో సందేశం పంపే వైపు బాసూన్ అనే ప్రోటీన్‌కి ఒక రంగు, అందుకునే వైపు ప్రోటీన్‌కి ఇంకో రంగు. రెండు చుక్కలు ఎదురెదురుగా కనిపిస్తే అక్కడ సినాప్స్. బూడిదరంగు బొమ్మలో ఊహించాల్సింది ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఈ జెల్‌ని కాలేజీ ల్యాబులో పోద్దామని కొందరికి ఉబలాటం. వద్దు. గట్టిపడకముందు యాక్రిలమైడ్ నరాలకు విషం, చర్మంలోంచి కూడా ఇంకుతుంది. జంతు ప్రయోగాలకైతే సంస్థ స్థాయి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

ఐదో మెట్టు: ఫొటోలు తీయడం

ఉబ్బిన జెల్ దాదాపు అంతా నీరే, అందుకే గాజులా పారదర్శకం. వెలుగు చెదరదు. తిరిగే పళ్లెంలో వేల రంధ్రాలున్న కాన్ఫోకల్ మైక్రోస్కోపుతో (ఒకసారికి ఒక్క లోతు నుంచి వచ్చే వెలుగునే పట్టేది) పొర తర్వాత పొర ఫొటో తీస్తారు. తలనొప్పల్లా జెల్ కదలడమే, పాలీలైసిన్ అనే అంటుకునే పదార్థం పూసిన గాజు మీద అతికించి కూర్చోబెడతారు. పక్కపక్క ఫొటోలు కొంత ఒకదాని మీదకొకటి వచ్చేలా తీయకపోతే తర్వాత అతుకు కుదరదు.

డేటా ఎంతవుతుందో మీరే వేయండి. ఒక ఘన మిల్లీమీటరుని 10 నానోమీటర్ల పొడవు, 10 వెడల్పు, 25 లోతు గల గళ్లుగా విడగొడితే లక్ష ఇంటూ లక్ష ఇంటూ నలభై వేలు. గడికి ఒక బైటు చొప్పున 400 టెరాబైట్లు. పెసరగింజంత కూడా లేని ముక్కకి.

ఆరో మెట్టు: దారం పట్టుకోవడం

ఇది పూర్తిగా మీ చేతిలో పని. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు.

ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోండి. హెల్ప్ మెనూలో అప్‌డేట్‌కి వెళ్లి, అప్‌డేట్ సైట్ల జాబితాలో న్యూరోఅనాటమీ దగ్గర టిక్ పెట్టి, మూసి తెరవండి. ఎస్‌ఎన్‌టీ అనే పనిముట్టు వస్తుంది. అందులోనే అభ్యాసానికి నమూనా బొమ్మలున్నాయి, ఈగ న్యూరాన్‌తో మొదలుపెట్టండి. దారం మొదట్లో ఒక క్లిక్, కొంచెం ముందు ఇంకో క్లిక్. మధ్య దారిని అదే వెతికి చూపిస్తుంది. సరైనదే అనిపిస్తే వై నొక్కాలి, కాదనిపిస్తే ఎన్. దారం అయిపోయాక ఎఫ్. రెండు క్లిక్‌ల మధ్య దూరం ఎక్కువైతే అది పక్క దారం మీదకి దూకేస్తుంది. మా పిల్లలు మొదటిరోజు చేసే తప్పు ఇదే, త్వరగా అయిపోవాలని దూరం దూరంగా క్లిక్ చేస్తారు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఈ పని చేస్తుంటే పొందూరులో ఉండే మా పెద్దమ్మ వెనక నిలబడి చూసింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వంద కౌంటు నూలు వడికే చెయ్యి ఆవిడది. "ఏటి బావూ, ఈ సిక్కంతా నువ్వే తీస్తావేటి?" అంది. యంత్రం తీస్తుంది, తప్పులు నేను దిద్దుతాను అన్నాను. ఏం తప్పులంటే రెండు రకాలు చెప్పాను: ఒకే దారాన్ని రెండు ముక్కలనుకోవడం, రెండు దారాల్ని ఒకటనుకోవడం. "తెగిందయితే కంటికి కనిపిస్తాది, అతికించుకోవచ్చు. తప్పు ముడి పడితే మగ్గమెక్కేదాకా తెలీదు" అంది.

ఈ రంగంలో వాళ్ల తీరు కూడా అదే. ప్రోగ్రాములను కావాలనే కాస్త పిరికిగా నడుపుతారు. అనుమానమొస్తే అతికించకుండా ముక్కలుగానే వదిలేయమంటారు, మనుషులు తర్వాత కలుపుతారు. తప్పుగా ఒక్క అతుకు పడితే రెండు న్యూరాన్ల కొమ్మలన్నీ ఒకదానివైపోతాయి. ఈగ మెదడు పటానికి కూడా యంత్రం పని అయ్యాక వందల మంది కూర్చుని దిద్దారు, అందులో సైన్సు డిగ్రీ లేని ఔత్సాహికులూ ఉన్నారు.

మీరు గీసిన దారం చివరికి ఒక మామూలు పట్టికగా మారుతుంది. దాన్ని ఎస్‌డబ్ల్యూసీ ఫైలంటారు. న్యూరోమార్ఫో అనే ఉచిత భాండాగారంలో ప్రపంచమంతా గీసిన న్యూరాన్లు ఈ రూపంలోనే ఉంటాయి. ఒకటి దింపి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలాంటి వరసలు కనిపిస్తాయి:

1 1 0 0 0 6 -1
2 3 4 7 1 0.8 1
3 3 6 12 2 0.6 2

మొదటి అంకె ఆ చుక్క వరస సంఖ్య. రెండోది రకం: 1 అయితే కణదేహం, 2 ఆక్సాన్, 3 డెండ్రైట్ (సందేశం అందుకునే కొమ్మ), 4 శిఖరం వైపు డెండ్రైట్. తర్వాతి మూడూ ఆ చుక్క ఎక్కడుందో చెప్పే కొలతలు, మైక్రోమీటర్లలో. ఆరోది వ్యాసార్థం. చివరిది తల్లి చుక్క సంఖ్య. తల్లి లేని చుక్కకి మైనస్ ఒకటి.

దీన్ని ఎక్సెల్‌లో పెట్టి కౌంట్‌ఇఫ్ అనే ఫార్ములాతో ప్రతి చుక్క ఎన్నిసార్లు తల్లిగా వచ్చిందో లెక్కించండి. రెండుసార్లు వస్తే అక్కడ కొమ్మ చీలింది. అసలు రాకపోతే అది కొస. చుక్కకీ దాని తల్లికీ మధ్య దూరం పైథాగరస్ సూత్రంతో వస్తుంది, మూడు కొలతలూ వేయాలి. అన్నీ కూడితే దారం మొత్తం పొడవు. ఒక మెలిక ఉంది. చాలా ఫైళ్లలో కణదేహాన్ని మూడు చుక్కలతో రాస్తారు, అవి లెక్కలోకొస్తే లేని కొమ్మ పుడుతుంది. రకం 1 వరసల్ని పక్కనపెట్టి లెక్కించండి. ఇది తెలియక ఒక సెమిస్టరు ప్రాజెక్టంతా తిరగరాయించాల్సి వచ్చింది, తప్పు నాదే.

ఏడో మెట్టు: ముడి పనిచేస్తోందా?

పటంలో ముడి కనిపించినంత మాత్రాన అది మాట్లాడుతోందని కాదు. నాచు నుంచి తెచ్చిన చానెల్‌రొడాప్సిన్ అనే ప్రోటీన్‌ని న్యూరాన్‌లో పెడితే, 470 నానోమీటర్ల నీలి వెలుగు పడగానే ఆ కణం ఉత్తేజితమవుతుంది. 2005లో ఇది న్యూరాన్లలో పనిచేస్తుందని చూపించారు. 2007 నాటికి దానితోనే కనెక్షన్లు వెతకడం మొదలైంది. ఒక కణంలో సన్నని గాజు ఎలక్ట్రోడ్ పెట్టి, దూరం నుంచి వచ్చిన ఆక్సాన్ల మీద నీలి వెలుగు కొడతారు. ఎలక్ట్రోడ్‌లో కరెంటు కదిలితే ముడి ఉన్నట్టు. మధ్యలో మూడో కణం సందేశం మోసిందేమో అన్న అనుమానం తీరడానికి, నరాల స్పందన పరుగెత్తకుండా ఆపే మందు వేసి మళ్లీ చూస్తారు.

తర్వాత ఎక్కడికి?

కాన్ఫోకల్ చేత్తో ముట్టుకోవాలంటే హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఎన్‌సీబీఎస్ లాంటి పరిశోధన సంస్థల్లో ఉన్నాయి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కి డిగ్రీ పిల్లలూ దరఖాస్తు పెట్టొచ్చు. మనవాళ్ల పని చూడాలనుంటే, ఐఐటీ మద్రాస్ 2024లో విడుదల చేసిన ధరణి అనే పిండ దశ మానవ మెదడు చిత్రాలు తెరవండి. 5,132 కోతలు, కణం స్థాయి దాకా పెద్దవి చేసి చూడొచ్చు. అందులో కనెక్షన్లు ఉండవు, కణాలే ఉంటాయి. దరఖాస్తులో మీ మార్కులతోపాటు మీరే గీసిన ఎస్‌డబ్ల్యూసీ ఫైలు ఒకటి, ఎక్కడెక్కడ ఎన్ నొక్కారో ఎందుకు నొక్కారో రాసుకున్న అర పేజీ జతచేయండి.